బోల్టు పొడవు కారుది కాదు, చక్రానిది

ఈమధ్య నన్ను అడిగేవాళ్ళంతా ఒకే తీరుగా అడుగుతున్నారు. "ఫలానా మోడల్ బెంజి, ఫలానా సంవత్సరం. వీల్ బోల్టు ఎంత పొడవుది కొనాలి?" కారు రంగు దగ్గర్నుంచి ఇంజను సీసీల దాకా అన్నీ చెప్తారు. బోల్టు వెళ్ళి కూర్చోవాల్సిన చక్రం గురించి ఒక్క ముక్క చెప్పరు. పోనీ అమ్మేవాళ్ళు అడుగుతారా? అదీ లేదు. తెర మీద కారు పేరు కొట్టగానే ఒక అంకె వస్తుంది. ఆ కొలత బోల్టులు ఇరవై పొట్లం కట్టి పంపించేస్తారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. బోల్టు పొడవు కారు పేరును బట్టి ఉండదు. చక్రాన్ని బట్టి ఉంటుంది, హబ్బును బట్టి ఉంటుంది, ఆ రెంటి మధ్య మనం దూర్చే ప్రతి బిళ్ళనూ బట్టి ఉంటుంది. మా రోజుల్లో ఈ ప్రశ్న వేస్తే నాకు పని నేర్పిన ఉస్తాద్ నోటి నుంచి వచ్చే మొదటి మాట, "చక్రం ఏదీ? ఇట్టా పట్రా."

నేను పని నేర్చుకున్నది కువైట్‌లో. రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్ పోవడం మాకు కొత్త కాదు. చాలామంది ఇళ్ళల్లో డ్రైవర్లుగానో వంటవాళ్ళుగానో చేరితే, నేను షువైఖ్‌లో ఒక గ్యారేజీలో చేరాను. అక్కడ వీధికి వీధి గ్యారేజీలే. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం రాకముందటి కువైట్ అది. ఉన్నవాళ్ళ ఇళ్ళ ముందు బెంజి ఎస్ఎల్ కార్లు ఉండేవి. రెండు తలుపులు, మడిచే టాపు, పొడుగాటి ముక్కు. కంపెనీ లెక్కలో దాని నంబరు 107. 1971 నుంచి 1989 దాకా జర్మనీలో సిండెల్‌ఫింగెన్ ఫ్యాక్టరీలో రెండు లక్షల ముప్పై ఏడు వేల పైచిలుకు కట్టారు. ఇవాళ దాన్ని క్లాసిక్ అంటున్నారు. మాకు మాత్రం అది రోజూ లిఫ్టు ఎక్కే కారు.

ఆ కారుకి హబ్బు మీద స్టడ్లు ఉండవు. మన అంబాసిడర్‌కి, మారుతి 800కి హబ్బు నుంచి స్టడ్లు బయటికి పొడుచుకుని ఉంటాయి. చక్రం తగిలించి నట్లు బిగిస్తే సరిపోతుంది. స్టడ్డుకి నట్టు ఎంతవరకు ఎక్కిందో ఎదురుగా నిలబడితే కంటికి కనబడుతుంది. బోల్టు కార్లలో ఆ సదుపాయం లేదు. బోల్టు చక్రంలోంచి వెళ్ళి హబ్బు లోపల మాయమైపోతుంది. లోపల ఎన్ని మరలు పట్టాయో, అవతలి వైపు ఎంత పొడుచుకొచ్చిందో బయట నుంచి తెలియదు. బయట కనపడేది తల ఒక్కటే, ఆ తల ఏమీ చెప్పదు.

ఎస్ఎల్‌కి కంపెనీ నుంచే రెండు రకాల చక్రాలు వచ్చేవి. ఒకటి ఇనుప రిమ్ము, దాని మీద కారు రంగే వేసిన కప్పు. రెండోది ఫుక్స్ వాళ్ళు చేసిచ్చిన అల్యూమినియం చక్రం. ఇనుప రిమ్ములో బోల్టు కూర్చునే చోట ఉన్నది రేకు మందమే. అల్యూమినియంలో అదే చోట మందం చాలా ఎక్కువ. అందుకని అల్యూమినియానికి పొడుగు బోల్టులు, ఇనుప రిమ్ముకి పొట్టి బోల్టులు. రెండూ ఎం12 మరే, అంటే 12 మిల్లీమీటర్ల మందం, రెండింటికీ పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం) 1.5 మిల్లీమీటర్లే, రెండింటి తలలకూ 17 నంబరు పానాయే. కాబట్టి ఏది ఎక్కడైనా పడుతుంది. ప్రమాదమంతా ఆ పట్టడంలోనే ఉంది. మా గ్యారేజీలో గోడకి డబ్బాలు వరసగా వేలాడేవి. పొట్టివి ఒక డబ్బా, పొడుగువి ఒక డబ్బా, ఇటలీ కార్లవి దూరంగా వేరే డబ్బా. సాయంత్రం షట్టరు దించేముందు ఉస్తాద్ డబ్బాల్లో చెయ్యి పెట్టి చూసేవాడు. పొట్టిదాంట్లో ఒక్క పొడుగుది దొరికిందంటే ఆ రోజు బోల్టులు విప్పిన కుర్రాడు డబ్బా మొత్తం నేల మీద పోసి, ఒక్కొక్కటీ కొలిచి మళ్ళీ సర్దాల్సిందే. ఆయన పాలస్తీనా మనిషి, పెద్దగా మాట్లాడేవాడు కాదు. కానీ ఆ డబ్బాల విషయంలో మాత్రం ఎవరినీ క్షమించేవాడు కాదు.

అంత పట్టుదల ఎందుకో ఒక రోజు నా కళ్ళతో చూశాను. ఇంకో గ్యారేజీలో పంక్చరు వేయించుకుని వచ్చిన ఎస్ఎల్ అది. వెనక చక్రం దగ్గర కిర్రుమంటోందని, హ్యాండ్‌బ్రేకు పట్టడం లేదని ఓనరు తెచ్చాడు. విప్పి చూస్తే, స్టెప్నీగా ఉన్న ఇనుప రిమ్ముకి అల్యూమినియం చక్రం తాలూకు పొడుగు బోల్టులు బిగించి పంపారు. ఈ కారుకి వెనక డిస్కు లోపలే చిన్న డ్రమ్ము ఉంటుంది, హ్యాండ్‌బ్రేకు షూలు అందులో ఉంటాయి. పొడుగు బోల్టుల కొనలు హబ్బు దాటి లోపలికి పోయి, చక్రం తిరిగినప్పుడల్లా షూలని, స్ప్రింగుల్ని కోసుకుంటూ తిరిగాయి. స్ప్రింగు విరిగి రెండు ముక్కలై ఉంది, షూ లైనింగు చీలికలైంది. అల్యూమినియం చక్రాలు వేసుకున్న చాలా బెంజిల్లో స్టెప్నీ ఇనుపదే ఉండేది. ఆ ఇనుప రిమ్ము కోసం పొట్టి బోల్టుల్ని కంపెనీ వాళ్ళే పనిముట్లతో పాటు విడిగా ఇచ్చేవాళ్ళు. ఆ కారులో ఆ పొట్లం విప్పకుండా అలాగే ఉంది. ఎవరూ డిక్కీలో చూడలేదు, అంతే.

పొడుగుదైతే ఇది గతి. పొట్టిదైతే ఇంకా ఘోరం, ఎందుకంటే అది చప్పుడు కూడా చెయ్యదు. కొన్ని మరలే పట్టుకుని బరువంతా మోస్తుంటుంది. ఒక మలుపులోనో గుంటలోనో ఆ మరలు ఊడి చేతికొస్తాయి. ఎం12, 1.5 పిచ్ బోల్టు హబ్బులో తక్కువలో తక్కువ ఆరున్నర చుట్లు తిరగాలి. ఎం14, 1.5 అయితే ఏడున్నర చుట్లు. ఇటలీ వాళ్ళు వాడే ఎం12, 1.25 సన్న మరకి ఎనిమిది. ఇది తక్కువ హద్దు, ఇక్కడ ఆగమని కాదు. బోల్టు మందమెంతో అంత లోతు మర పడితే మనసు నిమ్మళంగా ఉంటుందని మా లెక్క. చుట్లు లెక్కపెట్టేది చేత్తో. పానా పెట్టకుండా, వేళ్ళతో, నోటితో లెక్కబెడుతూ. గన్ను పెట్టి బుర్రుమనిపిస్తే ఎన్ని చుట్లు తిరిగిందో ఎవడికి తెలుస్తుంది?

గన్ను మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. ఇప్పటి టైర్ల షాపుల్లో బోల్టుని వేళ్ళతో మొదలుపెట్టే కుర్రాడు కనపడటం లేదు. సాకెట్లో బోల్టు పెట్టి నేరుగా గన్నుతోనే దూరుస్తున్నారు. 1.25 మర హబ్బులో 1.5 బోల్టు పెడితే వేళ్ళకి రెండు మూడు చుట్లకే బిగుసుకుని తెలిసిపోతుంది. గన్నుకి తెలియదు, మరని కొరికేసుకుంటూ పోతుంది. ఫియట్ ఎక్స్1/9 లాంటి చిన్న స్పోర్ట్స్ కార్ల హబ్బులు ఇట్లా పాడైనవి చూశాను. బోల్టు పాడైతే వంద రూపాయల పని. హబ్బు మర పోతే ఆ కారుకి హబ్బు ఎక్కడ తెస్తావు?

"టార్క్ పానాతో బిగించాం కదా" అని ఒక జవాబు చెప్తారు. పానా టిక్కుమంటే పని అయిపోయిందని నమ్మకం. ఆ పానా కొలిచేది తిప్పడానికి ఎంత గట్టిగా ఉందన్నదే. చక్రం హబ్బుకి ఎంత గట్టిగా అతుక్కుందో దానికి తెలియదు. అడుగు మూసి ఉన్న రంధ్రంలో బోల్టు పొడుగైతే కొన వెళ్ళి అడుగున తగులుతుంది, 110 న్యూటన్ మీటర్లకి పానా టిక్కుమంటుంది, చక్రం మాత్రం వదులుగానే ఉంటుంది. బిగుతంతా బోల్టుకీ హబ్బుకీ మధ్యే, చక్రానికి ఏమీ అందదు. కొలత సరిగ్గా ఉంటేనే ఆ టిక్కుకి విలువ.

మా తమ్ముడి మనవడు టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాడు. సాఫ్ట్‌వేరు ఉద్యోగం. వాడు ఎస్ఎల్ కొన్నాడు, 560, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాల కోసమని కట్టిన మోడలు. కొన్న నెలకే కంపెనీ చక్రాలు తీసేసి పెద్ద చక్రాలు తెచ్చాడు, వెనక వైపు బయటికి రావాలని, చక్రానికీ హబ్బుకీ మధ్య దూర్చే 10 మిల్లీమీటర్ల స్పేసర్లు కూడా. బోల్టులు మాత్రం కారు పేరు చెప్పి తెప్పించాడు. వీడియో కాల్‌లో చూపించి, "తాతా, సరిగ్గా 560కి రాసినవే" అన్నాడు.

"ఏ చక్రానికి రాసినవి నాయనా?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కారుకే రాశారు తాతా" అన్నాడు.

నేల మీద పాత చక్రం బోర్లా పడుకోబెట్టించాను, వెనక ముఖం పైకి వచ్చేలా. ఒరిజినల్ బోల్టు ఒకటి అడుగు నుంచి దాని గుంటలో సరిగ్గా కూర్చోబెట్టమన్నాను. హబ్బుకి ఆనుకునే ఆ ముఖం మీద బోల్టు కొన ఎన్ని మిల్లీమీటర్లు పైకి వచ్చిందో కొలవమన్నాను. 24. అదే బోల్టు కొత్త చక్రంలో పెడితే 18. స్పేసరు 10 పోగా హబ్బుకి దక్కేది 8. అంటే ఐదు చుట్లకి పైన కాస్త. వెనక వైపు హబ్బుకి ముందు డిస్కు మందం కూడా ఉంటుంది, అది తీస్తే ఇంకా తక్కువ. ఈ బోల్టులతో వాడు ఆదివారం డాలస్ హైవే ఎక్కుదామనుకున్నాడు. 24కి చేరాలంటే ఒరిజినల్ బోల్టు కంటే 16 పొడుగుది కావాలి. అంగట్లో మామూలుగా ఐదేసి మిల్లీమీటర్ల తేడాతో దొరుకుతాయి కాబట్టి 15 పొడుగుది తీసుకోమన్నాను. 20ది వద్దు, అది ఒరిజినల్ కంటే 4 లోపలికి పోతుంది, అక్కడ హ్యాండ్‌బ్రేకు ఉంది. స్పేసరు వెనక చక్రాలకే కాబట్టి ముందు వాటికి లెక్క వేరు, అక్కడ 18కి 5 కలిపితే చాలు. ఇంత కొలత తీయడానికి కావాల్సింది ఒక వర్నియర్, ఒక బద్ద. మా గ్యారేజీ మొత్తానికి ఒకే వర్నియర్ ఉండేది, అది ఉస్తాద్ జేబులోంచి బయటికి రావడమే గొప్ప. వీడి సొరుగులో బ్యాటరీతో నడిచేవి రెండు ఉన్నాయి, ఇంకా కవర్లు కూడా విప్పలేదు.

ఇంకో తిరకాసు ఉంది. అమ్మేవాళ్ళలో ఒకరు తల కింద నుంచి కొన దాకా కొలుస్తారు, ఇంకొకరు గుంటలో కూర్చునే గుండ్రటి భాగం వదిలేసి కింద నుంచి కొలుస్తారు. ఇద్దరి 40 ఒకటి కాదు. ఎక్కడి నుంచి కొలిచారో అడగకుండా డబ్బు కట్టొద్దు.

తల కింద ఆకారం కూడా చూడాలి. బెంజి ఒరిజినల్ చక్రాల గుంట గుండ్రంగా ఉంటుంది, బోల్టు కూడా అట్లాగే గుండ్రటి మెడతో వస్తుంది. బయటి కంపెనీల చక్రాలకి చాలావాటికి 60 డిగ్రీల కోను గుంట ఉంటుంది. గుండ్రటి గుంటలో కోను బోల్టు వేస్తే సన్నటి అంచు మీదే ఆనుతుంది, కొంత దూరం నడిచాక వదులవుతుంది. ఉస్తాద్ గుంటలో నీలం రంగు పల్చగా రాసి, బోల్టు తిప్పి తీసి మెడ చూసేవాడు. రంగు మెడ అంతా వెడల్పుగా అంటుకుంటే సరి, సన్న గీతలా అంటుకుంటే ఆ బోల్టు తిరిగి డబ్బాలోకి. మనవడి కొత్త చక్రాలు కోనువి, వాడు కొన్న బోల్టులు గుండ్రటివి. పొడవు సరిపోయినా అవి పనికొచ్చేవి కావు. వాడి స్నేహితుడికి పాత పోర్షే 911 ఉందట, దానికీ ఏ బోల్టు అని అడిగాడు. పాత 911కి బోల్టులే ఉండవు, స్టడ్లూ నట్లూనే. దాని స్పేసరు లెక్క పూర్తిగా వేరు, అది ఇంకో రోజు.

కొత్త బోల్టులు వచ్చాయి. వేళ్ళతో చుట్లు లెక్కబెట్టించాను. చక్రం నేలకి దించకముందే చేత్తో తిప్పించాను, హ్యాండ్‌బ్రేకు ఒకసారి లాగి, మళ్ళీ వదిలాక. చెవి దగ్గర పెట్టి వినమన్నాను. ఏమీ తగల్లేదు. వరసగా కాకుండా, ఒకటి విడిచి ఒకటి బిగించమన్నాను. 80 కిలోమీటర్లు పోయాక మళ్ళీ టార్క్ పానా పెట్టమన్నాను, ఎందుకంటే కొత్త చక్రం రంగు పొర నలిగి బిగుతు కొంచెం తగ్గుతుంది. ఇది ఈ రోజుల్లో టైర్ల షాపు రసీదు మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, చదివి మళ్ళీ వచ్చేవాడు లేడు.

డిక్కీలో స్టెప్నీ ఇంకా పాత చక్రమే. దానికి ఈ పొడుగు కోను బోల్టులు పొరపాటున కూడా పెట్టకూడదు. పంక్చరైతే స్పేసరు తీసేసి ఒరిజినల్ బోల్టులతోనే బిగించాలి. ఆ ఐదింటినీ ఒక సంచిలో వేసి, స్టెప్నీకే కట్టి, పైన చీటీ రాయమన్నాను. సంచి కట్టాక ఫొటో పెట్టమన్నాను. కొత్త చక్రాల ఫొటోలు నాలుగు వైపుల నుంచీ వచ్చాయి, సంచి ఫొటో ఇంకా రాలేదు. అది వచ్చేదాకా కారు బయటికి తీయనివ్వొద్దని వాళ్ళమ్మకి ఫోన్ చేసి చెప్పాను.