గీత మీది రవ్వ

మొత్తానికి మా వియ్యంకుడుగారి తుపాకీ రెండు గొట్టాలూ ఒకేచోట కొట్టాయి. నిన్న రాత్రి పదకొండున్నరకి లండన్ నుంచి ఫోను చేసి మరీ చెప్పారు. ఆ వేళప్పుడు ఫోను మోగితే ఎవరికేమయిందోనని మా ఆవిడ మంచం మీద లేచి కూచుంది.

కొలతలిచ్చి రెండేళ్ళు దాటింది. మరలు తిప్పితే మడమ సాగి, వంగి, పక్కకి జరిగే తుపాకీ ఒకటి చేతికిచ్చి, ఈయన భుజానికీ చెంపకీ కంటికీ లెక్క చూశారట. మడమ పొడుగు 14¾ అంగుళాలు, వంపు కుడిపక్కకి పావంగుళం. “బావగారూ, నా మెడ సగటు కంటే పొడుగట!” అని ఆరోజు ఎంత మురిసిపోయారో! పెళ్ళిచూపుల్లో మా అమ్మాయి పొడుగు కూడా ఇంత శ్రద్ధగా కనుక్కోలేదు మనిషి. ఆయన ఆస్పత్రిలో ఇద్దరు డాక్టర్లకి అప్పటికే ఇలాంటివి ఉన్నాయి. మూడోవాడు ఈయనే కావాలిగా మరి! ఖరీదు లక్ష పౌండ్ల పైమాట, అంటే మన లెక్కలో కోటి దాటింది. టర్కీ వాల్‌నట్ చెక్క, ఉక్కు మీద పూలచెక్కడం ఫొటోలు నలభై దాకా పంపారు. వాటి జోలికి పోను.

గొట్టాల సంగతి మాత్రం వదలను. నన్ను నెలరోజులు నిద్రపోనివ్వనిది అదే.

రెండూ పక్కపక్కనే ఉంటాయి గనక, కుడిది పేలితే తుపాకీ కాస్త కుడికి తన్నుతుంది, ఎడమది పేలితే ఎడమకి. అందుకని గొట్టాల్ని కొసల దగ్గర ఒకదానివైపు ఒకటి వాల్చి, మధ్యన పట్టీలు పెట్టి తగరంతో అతుకుతారు. కొట్టిచూస్తారు. తేడా వస్తే అతుకు విప్పి, వెంట్రుకవాసి జరిపి, మళ్ళీ అతుకుతారు. ఆ పనివాడి మీద నాకే కోపమూ లేదు. అలాంటి చెయ్యి ఉన్నవాడికి రోజూ దణ్ణం పెడతాను.

నా ఏడుపు రవ్వల లెక్క గురించి. 40 గజాల దూరంలో తెల్లరంగు పూసిన ఇనుప పలక. కాల్చాక, రవ్వలు దట్టంగా పడ్డచోట 30 అంగుళాల వలయం గీస్తారు. అక్కడి ఆరో నంబరు రవ్వలు ఔన్సుకి 270. వెడల్పుగా చల్లే కుడి గొట్టంవి సగం, అంటే 135, వలయంలో పడాలి. ఈయన తన తృప్తి కోసం కళ్ళజోడు తుడుచుకుని, సన్నపెన్సిలుతో ఒక్కో మచ్చా కొడుతూ లెక్కబెట్టారు. 134 వచ్చింది.

ఇంకొకటి గీత మీద పడింది. లోపలిదా, బయటిదా?

ఆ ఒక్క రవ్వ మీద నాకు మూడు రాత్రులు ఫోన్లు వచ్చాయి. గీత లోపలి అంచు చూడాలా, వెలుపలి అంచు చూడాలా? మచ్చలో సగం కంటే ఎక్కువ ఎటుంది? పెన్సిలు మందం లెక్కలోకొస్తుందా? గట్టు మీది తుమ్మచెట్టు ఎవరిదని మా ఊళ్ళో ఇరవయ్యేళ్ళు కోర్టుకి తిరిగారు. చెట్టయితే కనీసం కట్టెలకైనా పనికొస్తుంది. నాలుగో రాత్రి విసిగి, “లోపలిదే బావగారూ, నేను చెబుతున్నా కదా” అన్నాను. “మీరు చూడలేదుగా” అన్నారు.

ఇంత గురీ దేని మీదికయ్యా అంటే, షెడ్లలో పొదిగించి, గింజలేసి పెంచి, అడవిలోకి వదిలిన ఫెజంట్ పక్షుల మీదికి! ఏటా కోట్లలో వదులుతారు. రోజూ మేత చల్లే చెయ్యే ఒకరోజు కర్ర పట్టుకుని తోలుతుంది. అవి బెదిరి లేస్తే, నంబరు వేసిన మేకు దగ్గర కదలకుండా నిలబడి కాలుస్తాడు దొర. దీన్ని వేట అనడానికి నోరెలా వస్తుంది? పెంచిన కోడిని కోసుకు తినేవాడు ఇంతకంటే నిజాయితీపరుడు. స్థానిక స్వపరిపాలనకి ఆద్యుడని మనం తలుచుకునే రిప్పన్ ప్రభువుకి ఒక్కడే కొడుకు. ఆ కొడుకు పర్డీ కంపెనీ తుపాకులతో జీవితకాలంలో అయిదున్నర లక్షలకి పైగా ప్రాణులు తీశాడు, పైగా అన్నీ రాసిపెట్టుకున్నాడు. 1923లో ఒక పొద్దున 52 పక్షుల్ని కొట్టి, వేట మైదానంలోనే పోయాడు. ఏ వలయంలో గీస్తారు ఆ లెక్కని?

మదనపల్లె దగ్గర మా ఊళ్ళో మా నాన్నకీ ఒక జోడు గొట్టాల తుపాకీ ఉండేది. చెనిక్కాయ చేలోకి అడవిపందులొస్తే గాల్లోకి కాల్చేదానికి. ఎడమ గొట్టం పక్కకి కొడుతుందని ఇంట్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. “ఎడమది పేలేటప్పుడు కుడిపక్కన నిలబడండిరా” అనేవాడు, అంతే. ఎలక్షన్లొస్తే స్టేషన్లో అప్పజెప్పి రసీదు తీసుకునేవాడు. తిరిగొచ్చాక కొబ్బరినూనె గుడ్డతో తుప్పు తుడవడమే మా ఇంటి గొట్టాల పరీక్ష.

ఇంకో సంగతి. వేటలో సీసపు రవ్వలు 2029 కల్లా మాన్పిస్తామని బ్రిటన్ ప్రభుత్వం 2025 జూలైలోనే ప్రకటించింది కదా. వియ్యంకుడుగారు లెక్కబెట్టినవన్నీ సీసం రవ్వలే. సీసానికి బదులొచ్చే ఉక్కు తేలిక, దాని చల్లుడు వేరు. కాబట్టి మళ్ళీ పలక, మళ్ళీ వలయం, మళ్ళీ పెన్సిలు.

రాత్రి తొమ్మిది దాటాక లెక్కలు చెప్పొద్దని మా ఆవిడ చేత వాళ్ళావిడకి ముందే కబురు పెట్టించాను.