అడుగు చూసే మామ

మా రేణిగుంటలో ఆయన్ని అందరూ జపాన్ మామ అంటారు. జపాన్ ముఖం ఎరగడు. సప్తగిరి రైలెక్కి మద్రాసు దాకా పోయొస్తాడంతే. పాత వస్తువులమ్మే అక్కడి మూర్ మార్కెట్ 1985లో కాలిపోయిందని తెలిసిన రోజు అన్నం ముట్టలేదట. పింఛను పడిన వారానికి అది పాత పింగాణి బొమ్మగా మారి, తుండుగుడ్డలో చుట్టుకుని ఇంటికొస్తుంది.

గూడ్సు గార్డుగా వ్యాగన్ల సీళ్లు చూసి చూసి అలవాటైన కళ్లవి. మనం బొమ్మ మొహం చూస్తే, మామ తిరగేసి అడుగు చూస్తాడు.

"జాతకమంతా కిందే ఉంటాది అల్లుడా! అమెరికావోళ్లు సుంకం చట్టం తెచ్చి, ఏ దేశం సరుకో రాయమన్న్యారు. 'నిప్పాన్' అనుంటే 1891 తర్వాతది. 1921లో అట్ల కాదు, ఇంగ్లీషులో 'జపాన్' అనే రాయాల అన్న్యారు. 'ఆక్యుపైడ్ జపాన్' అనుంటే యుద్ధంలో ఓడినాక చేసింది. 1952లో ఆక్రమణ పాయె, ఆ మాటా పాయె!"

ఇంతకీ ఈసారి తెచ్చిన బొమ్మ గౌను తొడుక్కున్న దొరసాని. అమెరికాలో అమ్ముకునేదానికి జపానోళ్లు చేసిన యూరప్ దొరసాని, రేణిగుంట షోకేసులో ఏడుకొండలవాడి పటం పక్కన గొడుగేసుకుని నిలబడి ఉంది.

దసరా బొమ్మల కొలువులకు మామను పిలవడం మానేశారు. పోయినేడాది పక్కింటి కొలువులో మరపాచి కొయ్యబొమ్మల దంపతులను మెట్టు మీద నుంచి ఎత్తి తలకిందులు చేశాడు.

"అది మన శేషాచలం ఎర్రచందనం మామా!" అని ఆ ఇంటాయన మొత్తుకున్నాడు.

"ఆ కొయ్యతోనే కదరా జపానోళ్లు షమిసెన్ వాద్యానికి దండె చేసేది!" అని మామే ఆయన్ని గదమాయించాడు.

బొమ్మలే కాదు, మామ ఇంట్లో పద్నాలుగు క్యాండిల్ స్టాండ్లు కూడా ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ కొవ్వొత్తి వెలగలేదు. మైనం కారితే మెరుగు పోతుందట. మొన్న గాలివానకు కరెంటు పోయింది. అత్త తన సారెలో వచ్చిన స్టీలు గ్లాసు బోర్లించి, రెండు చుక్కలు మైనం కార్చి, కొవ్వొత్తి నిలబెట్టింది. ఆ వెలుతుర్లో మామ కొత్తగా తెచ్చిన పదిహేనో స్టాండు అడుగు చదవబోయాడు.

"దీని మింద గూడా రాసుండాది, సదువు," అనింది అత్త.

గ్లాసు మీద చెక్కిన పేరు, పెళ్లి తేదీ తలకిందులుగా ఉన్నాయి. తిరగేద్దామంటే దీపం ఆరిపోతుంది. అన్నేళ్లలో మొదటిసారి, మామ వస్తువును ముట్టకుండా తన తల వంచాడు.