నిత్యాసంతుష్టుడు

లోకమునందు అసంతుష్టులు పలువిధములవారు కలరు. దారిద్ర్యమువలన అట్లయినవారు కొందరు, దురాశవలన కొందరు, అజీర్ణమువలన కొందరు. ఈ మూడు కారణములలో నొక్కటియు లేకయే, నెల తిరుగగనే జీతము, ఏడు తిరుగగనే ఇంక్రిమెంటు, ఆరునెలలకొక డి.ఏ. వాయిదా, ఆలుబిడ్డలకు ఉచిత వైద్యము, రామేశ్వరమునకు పాసు, ఇన్నియు ననుభవించుచు, ముప్పదితొమ్మిది సంవత్సరములు ఒకే కార్యాలయమున ఒకే కిటికీప్రక్కను కూర్చుండి, "ఛీ, ఇదీ ఒక ఉద్యోగమేనా!" అని దినమునకు పదిమారులైన ననక యింటికి పోని మహాపురుషుడు మాత్రము సికింద్రాబాదుననే అవతరించెనని నా విశ్వాసము. తమ యూరనుగూడ అట్టివాడు కలడని ఇతర నగరములవారు వాదింపవచ్చును. కలడేమో కాని, రైల్వేవారి ప్రధానకార్యాలయమగు రైల్ నిలయపు గుమాస్తాయందువలె ఆ విద్య పరిపక్వమైన తావు మరియొకటి నేనెరుగను.

సికింద్రాబాదు కొలువులమీద బ్రతికిన యూరు. 1806 లో సికందర్ జా పేరిట వెలసిన నాటినుండి దండుకొలువు, 1874 లో వాడి నుండి రైలుమార్గము వచ్చిన నాటినుండి రైలుకొలువు, ఈ రెండే దీని వీధులకు అన్నము పెట్టినవి. ఆ పిదప ఆ మార్గమును నడపిన కంపెనీకి నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే యని పేరు. అందలి గ్యారంటీ వాటాదారుల లాభమునకు సంబంధించినది. మనవా డీ సంగతి నెచ్చటనో చదివి, "చూశారా, గ్యారంటీ అంతా ఆనాడే వాళ్లకిచ్చేశారు. ఇక గుమాస్తాకేం మిగులుతుంది?" అనెను. తన తాతల నాడు జరిగిన యన్యాయమును సైతము తన సర్వీసు రిజిస్టరున చేర్చుకొనగల హృదయవైశాల్య మందరికి నబ్బునా?

1966 అక్టోబరు 2 వ తేదీన దక్షిణ మధ్య రైల్వే యేర్పడి, దక్షిణ రైల్వే నుండి విజయవాడ, హుబ్లీ డివిజనులును, మధ్య రైల్వే నుండి సికింద్రాబాదు, షోలాపురము డివిజనులును వచ్చి యొక్కటైనపుడు, ఫిల్టరు కాఫీవారును ఇరానీ చాయివారును ఒకే కప్పుక్రింద చేరిరి. ఎవడు ఎవనికంటె సీనియరన్న ప్రశ్నయు ఆ కప్పుక్రిందనే పుట్టినది. మనవాడు కొలువున చేరినది ఆ పిమ్మట మూడునాలు గేండ్లకు. కావున ఆ తగవుతో నతనికి సంబంధమే లేదు. ఐనను, 1977 లో షోలాపురము పోయి గుంతకల్లు వచ్చినపుడును, మరుసటియేడు హైదరాబాదు డివిజను జనించినపుడును, 2003 లో హుబ్లీ వెడలిపోయి గుంటూరు, నాందేడు డివిజనులు వెలసినపుడును, రైల్వే పటము మారిన ప్రతిపర్యాయమును, సీనియారిటీ పట్టీలో తన పేరొక మెట్టు దిగజారినట్లే యతనికి తోచెడిది. పట్టీ తెచ్చి చూపినచో పేరు ఉన్నచోటనే యుండెడిది. "ఇవాళ ఉంది లెండి. రేపటి సంగతి చెప్పండి" అనెడివాడు.

ప్రతియుదయమును చిలకలగూడ క్వార్టరు నుండి కాలినడకను బయలుదేరి, అందరికంటె ముందుగా కార్యాలయము చేరును. అసంతుష్టుడన సోమరి యని తలచువారు ఈ జాతిని కన్నులార చూడనివారు. సోమరికి ఉద్యోగముతో పేచీ యేమున్నది? అతడు దానిని పట్టించుకొననే పట్టించుకొనడు. ఇతడో, కుర్చీని తన సొంత తుండుగుడ్డతో తుడిచి, హాజరుపట్టీలో సంతకము చేసి, సొరుగు తెరచి, పెన్సిళ్లు చెక్కుకొని, అంతయు సిద్ధమైన పిమ్మట తల పైకెత్తి పంకాను చూచును. ఆ పంకా తిరుగునపుడు కిర్రుమనును. దానినిగూర్చి యతడు వ్రాసిన విజ్ఞాపనముల నకళ్లు ప్రత్యేకముగ నొక ఫైలున భద్రపరుపబడియున్నవి. ఆ ఫైలుకు అట్ట, దారము, సూచికయు కలవు.

ఒక వేసవిలో, ఏ గ్రహబలముననో, విద్యుచ్ఛాఖవారు వచ్చి పాత పంకా విప్పి క్రొత్తది తగిలించిపోయిరి. అది నిశ్శబ్దముగ, ధారాళముగ గాలి విసరసాగెను. ఆనాటి మధ్యాహ్నమువరకు మనవాడు పలుకలేదు, టిఫినుడబ్బా తెరువలేదు, ఫైలు ముట్టలేదు. ఇంటిలో నేమైన నశుభము జరిగినదేమోయని ప్రక్కబల్లవారు భయపడిరి. మూడుగంటల ప్రాంతమున హఠాత్తుగ అతని ముఖము వికసించినది. "గాలి మరీ ఎక్కువండీ! కాగితాలు నిలవడం లేదు. మనిషికి ఒక్క పేపరువెయిటు ఇచ్చిన పాపాన పోలేదు కదా!" అని, తెల్లకాగితము తీసి స్టోర్సువారికి లేఖ ప్రారంభించెను. సెక్షనంతయు ఊపిరి పీల్చుకొన్నది.

ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అను అమెరికా మనశ్శాస్త్రవేత్త పిట్స్‌బర్గు ప్రాంతమున సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను ప్రశ్నించి, 1959 లో నొక సిద్ధాంతమును ప్రకటించెను. జీతము, పైయధికారి నడవడి, కార్యాలయ నియమములు, కూర్చుండుచోటి వసతులు, ఇవి చెడినచో ఉద్యోగి కుములును. బాగుపడినచో కుములుట మానునే కాని సంతోషింపడు. సంతోషమునకు మూలములు వేరు: చేపట్టిన పని ఫలించుట, దానిని పదుగురు గుర్తించుట, పనియే రుచించుట, బాధ్యత చేతికి వచ్చుట. ఆ పండితుడు మన గుమాస్తాను చూచియుండలేదు. చూచినచో, కుములుట మానిన పిదప మిగులు శూన్యమును భరింపలేక మానవుడు క్రొత్త కుములుడు నొకదానిని ఇండెంటు పెట్టి తెప్పించుకొనునని తన గ్రంథమున మరియొక ప్రకరణము చేర్చియుండును.

వేతనసంఘముల సంగతి యింతే. మూడవదాని సిఫారసులు 1973 నుండి, నాల్గవదానివి 1986 నుండి, ఐదవదానివి 1996 నుండి, ఆరవదానివి 2006 నుండి, నాలుగును ఇతని సర్వీసులోనే యమలులోనికి వచ్చినవి. ప్రతిమారును జీతము పెరిగినది. పెరిగినప్పు డభినందింపబోయితిని. "ఏం పెరగడమండీ! నా వెనక చేరినవాడికి నాకంటే పదిహేను రూపాయలు ఎక్కువకి ఫిక్స్ అయింది" అని కన్నీరు పెట్టుకొన్నంత పని చేసెను. జూనియరుకంటె సీనియరునకు జీతము తగ్గినచో సరిచేయుటకు నిబంధన యున్నది. ఆ నిబంధన యే పుటలోనిదో, దాని సవరణ యే సర్క్యులరులోనిదో, దానికి మినహాయింపు లెన్నియో అతనికి కరతలామలకము. అర్జీ పెట్టెను, గెలిచెను, పదిహేను రూపాయలును వచ్చినవి. "గెలిచారుగా!" యంటిని. "ఎరియర్సు ఇంకా రాలేదు" అనెను, ఎంతో ఆశతో.

ఐతే నవ్వులాటకు నొక యవధి యుండవలెను. 1974 మే 8 నుండి 27 వరకు జరిగిన రైల్వే సమ్మెలో, ఎనిమిదిగంటల పనియు బోనసును కావలెనని దేశమంతట లక్షలాది కార్మికులు పని నిలిపివేసిరి. వేలకొలది చెరసాలల పాలైరి. ఎందరో కొలువులు గోలుపోయిరి. ఆ యింజను డ్రైవరుల, గ్యాంగుమనుషుల యసంతుష్టిని, పంకాక్రింద కూర్చున్నవాని సణుగుడును ఒకే గాటను కట్టుట పాపము. రైల్వేవారికి బోనసు ప్రాప్తించినది ఆ పిమ్మట నైదేండ్లకు, 1979 లో. మనవాడు సమ్మె జరిగిన యా యిరువది దినములును వైద్యుని చీటీతో మెడికల్ లీవులో నుండెను. కడుపునొప్పి. అందుచేత సంఘమువారు ద్రోహి యనలేదు, అధికారులు తిరుగుబాటుదారు డనలేదు. తుదకు బోనసు చేతి కందిననాడు, లెక్క తక్కువ కట్టిరని ఎల్లరికంటె ముందు గొంతెత్తినవాడు ఇతడే.

1998 లో కేంద్రప్రభుత్వము పదవీవిరమణ వయస్సును 58 నుండి 60 కి పెంచెను. "యావజ్జీవానికి ఇంకో రెండేళ్లు కలిపారండీ" అని సెక్షనంతట వినబడునట్లు నిట్టూర్చి, ఆ సాయంత్రము మోండా మార్కెట్టు మీదుగ ఇంటికి పోవుచు కిలో మైసూరుపాకు కొనెను. ఆనాడు వారింట నే పండుగయు లేదు.

ఒకనాడు వాణిజ్యనిర్వహణశాస్త్రము చదువు విద్యార్థిని యొకతె ప్రశ్నపత్రములు పట్టుకొని కార్యాలయమునకు వచ్చినది. ఉద్యోగసంతృప్తిని కొలుచు ఈ శాస్త్రమునకును కొంత వయస్సు కలదు. రాబర్ట్ హాపక్ అనునతడు పెన్సిల్వేనియాలో న్యూ హోప్ అను చిన్నయూర పనివారి నందరిని విచారించి ఉద్యోగసంతృప్తిపై 1935 లో నొక గ్రంథము ప్రకటించెను; 1955 లో కూనిన్ అనునతడు మాటలతో పని లేకుండ, మిక్కిలి నవ్వు ముఖము మొదలు మిక్కిలి మాడు ముఖము వరకు బొమ్మలు గీసి, నీ మనస్సునకు సరిపడు ముఖము నెన్నుకొమ్మనెను. ఆ బాలిక తెచ్చిన పత్రమునందును ముఖములున్నవి. మనవా డన్నింటికంటె మాడినదానిని గుర్తించెను. "ఈ యుద్యోగము మానవలెనని ఎప్పుడైన ననుకొన్నారా?" అను ప్రశ్నకు "ప్రతిదినము" అని వ్రాసెను. "ప్రయత్నించితిరా?" అను ప్రశ్నకు "తీరిక లేదు" అని వ్రాసెను. అంతటితో నాగక, ప్రశ్నల వరుససంఖ్యలో ఏడు రెండుమారులు పడినదని ఎత్తిచూపి, ఎర్రసిరాతో సరిదిద్ది, సెక్షనులో నొక్కడును తప్పించుకొనకుండ అందరిచేత పూరింపించి, మొత్తములు తేలలేదని ఇంటికి కొనిపోయి రాత్రి కూర్చుండి లెక్కలు కట్టి, మరునా డా పిల్లచేతిలో పెట్టి, "చూశావా అమ్మా, నూటికి ఎనభైమంది నాలాగే ఏడుస్తున్నారు" అని చెప్పునపుడు అతని ముఖము నేను చూచితిని. ఆ పత్రములోని మొదటి బొమ్మయే!

అతని బల్లమీదికి వచ్చునవి గతించిన యుద్యోగుల కుటుంబములకు పెన్షను, గ్రాట్యుటీ ఇప్పించు కాగితములు. కాజీపేట వైపునుండి ఒక గ్యాంగుమను భార్య, వృద్ధురాలు, వచ్చెడిది. సర్వీసు రిజిస్టరులో నామె పేరొకటి, రేషనుకార్డులో మరియొకటి. అకౌంట్సువారు ఆ ఫైలును మరలమరల త్రిప్పి పంపిరి. మనవాడు "అవ్వా, నీ మూలంగా నాకు బి.పి. వచ్చేట్టుంది" అని విసుగుకొనుచునే, గ్రామపు పట్వారీ కాలపు కాగితములు మొదలు అన్నియు కూర్చి, ఎస్టాబ్లిష్‌మెంటు మాన్యువలు తిరుగవేసి, నాలుగు పుటల నోటు వ్రాసి, భోజనవిరామమున తానే స్వయముగ ఫైలు చంకబెట్టుకొని అకౌంట్సు మెట్లెక్కి, అచటివారితో పోట్లాడి సంతకము చేయించుకొని వచ్చెను. పెన్షను వచ్చిన దినమున ఆమె "సారూ, నీ కడుపు సల్లగుండ" అని చేతులెత్తి దీవించినది. "నా కడుపులో అల్సరమ్మా, చల్లగా ఎక్కడుంటుంది!" అని కసరి పంపివేసెను. ఆ సాయంత్రము స్టేషనెదుటి ఆల్ఫా హోటలులో తన సొమ్ముతో నాకు చాయి, ఉస్మానియా బిస్కట్లు ఇప్పించి, నాలుగు పుటల నోటును ఆసాంతము కంఠపాఠముగ నప్పగించెను. చరణమునకొకమారు "దిక్కుమాలిన ఉద్యోగం" అనునది పల్లవి.

ఈ పల్లవి పాడుహక్కు తన కొక్కనికే యని యతని నిశ్చయము. బీమా కంపెనీలో పనిచేయు తోడల్లు డొకనాడు భోజనముచేయుచు "మీ రైళ్లు ఎప్పుడు వేళకొచ్చాయి గనక?" అనినాడు. అంతే. కలిపిన యన్నము చేతిలోనే యుండగా, ఒంటిదారి మార్గములలో ఎదురురైలును తప్పించుట యెట్లో, సిగ్నలునకును సిగ్నలునకును నడుమ నెడమెంతో, ఆ నడుమ గ్యాంగుమనుషు లెండలో నేమి చేయుదురో అరగంట యుపన్యసించి, "నువ్వు కట్టించుకునే ప్రీమియం అనుకున్నావా ఏమిటి, తారీఖు దాటాక ఫైనుతో కట్టడానికి?" అని ముగించెను. ఆ పెద్దమనిషి మరల దీపావళివరకు ఆ గడప త్రొక్కలేదు.

కుమారుని వలననే యతనికి నిజమైన మనోవ్యథ కలిగినది. అతడు హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. వారి కంపెనీ యేటేట జరుపు విచారణలో "అత్యంత సంతృప్తి" యను గడిలో గుర్తు పెట్టిన వారమునకే రాజీనామా నిచ్చి వచ్చెను.

"ఏరా, బాగా లేదా?"

"బాగానే ఉంది నాన్నా."

"ఆఫీసరేమైనా అన్నాడా?"

"లేదు నాన్నా, చాలా మంచివాడు. వేరేవాళ్లు ఎక్కువిస్తామన్నారు, అంతే."

"బాగుంటే మానేస్తారుట్రా ఎవరైనా!"

ఆ రాత్రి యతనికి నిద్రపట్టలేదు. తెల్లవారి లేచి, రైల్వే రిక్రూట్‌మెంటు బోర్డు ప్రకటనను పత్రికనుండి కత్తిరించి, కుమారుని కాఫీగ్లాసు క్రింద నుంచెను.

పదవీవిరమణ సన్మానమున వక్త లందరు నతని యంకితభావమును కొనియాడుచుండ నతడు తల వంచుకొని యుండెను. వినయమని యనుకొంటిమి. బహూకరించిన గడియారము అయిదు నిమిషములు వెనుక నడచుచున్నదని కనిపెట్టుచుండెనట.

ఇప్పుడు ఏటేట నవంబరులో తాను జీవించియున్నట్లు బ్యాంకులో పత్రము సమర్పించి, అచటితో పని ముగిసినను, ఏదో మిషతో పాత సెక్షనునకు పోవును. మొన్న పోయినపుడు, అతని కిటికీప్రక్కను క్రొత్తగ చేరిన కుర్రవాడు కూర్చుండి యుండెను.

"ఎలా ఉంది బాబూ ఉద్యోగం?"

"బాగుందండి."

మనవాడు కుర్చీ పట్టుకొని నిలద్రొక్కుకొనెను. "బాగుందా? చేరి ఎన్నాళ్లయింది?"

"ఎనిమిది నెలలండి."

"అదీ సంగతి! 2004 తర్వాత చేరినవాడివి, నీకు పాత పెన్షను కూడా లేదు కదా?"

"లేదండి."

"పేపరువెయిటు ఇచ్చారా?"

"లేదండి. అవసరం పడలేదు."

పడలేదా! ఈ తరమును ఎవరు కాపాడవలెను? పెద్దాయన కుర్చీ దగ్గరకు లాగికొని, కండ్లజోడు తుడిచి పెట్టుకొనెను. "కాగితం తియ్యి. మధ్యలో 'విషయము' అని రాయి. రాశావా? దాని కింద గీత గియ్యి. అట్లా కాదు నాయనా, స్కేలు పెట్టి."