తీగల కింద నా గొంతు

నేను ఎలక్ట్రిక్ గిటార్‌ని. కొనడానికి వచ్చినవాళ్ళు నా రంగు చూస్తారు, చెక్కను వేలితో తట్టి చూస్తారు. నా గొంతు ఉండేది మాత్రం తీగల కింద దాగి ఉన్న పికప్‌లలో. అయస్కాంతం చుట్టూ 0.06 మిల్లీమీటర్ల సన్నని రాగి తీగను వేల చుట్లు చుడితే పికప్ తయారవుతుంది. పైన ఉక్కు తీగ కదిలినప్పుడల్లా అయస్కాంత క్షేత్రం మారి, ఆ చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. ఆంప్ దాన్ని పెంచి వినిపిస్తుంది. 1831లో ఫారడే చూపిన సూత్రమే ఇది. నూరేళ్ళకు, 1931లో, అమెరికాలో జార్జ్ బీచమ్ దాన్ని గిటార్ మీద పనిచేయించాడు.

నన్ను వాయించేది యానాం అబ్బాయి. చదువుకోసం పుదుచ్చేరి వచ్చాడు. రెండు ఊళ్ళదీ ఒకే ప్రభుత్వమైనా మధ్యలో దాదాపు 800 కిలోమీటర్ల రోడ్డు. హాస్టల్ ఖాళీ చేస్తున్న ఒక సీనియర్ దగ్గర నన్ను సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. నేను చవక రకం. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌ను చూసి చేసిన వేల నకళ్ళలో ఒకదాన్ని. నాకున్న మూడు పికప్‌లూ సాదావే. ఇనుప మేకుల కింద సిరామిక్ అయస్కాంతాలు అతికించి ఉండేవి.

చిన్నప్పుడు సంగీతం మాస్టారి దగ్గర నేర్చుకున్న మోహన వర్ణాన్ని ఆ అబ్బాయి నా మీద మొదలుపెట్టాడు. అది బాగానే కుదిరింది. తోడి దగ్గరికి వచ్చేసరికి నా లోపం బయటపడింది. తోడిలో గాంధారం కదలకుండా నిలబడే స్వరం కాదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతూ ఉండాలి. గిటార్ మీద అలా ఊపాలంటే తీగను వేలితో పక్కకు లాగాలి. ఒక్కో తీగ కింద నాకు ఒక్కో ఇనుప మేకు. తీగ పక్కకు జరిగితే తన మేకు మీంచి తప్పుకుంటుంది, పక్క తీగ మేకు దాకా చేరదు. రెండు వీధి దీపాల నడుమ నడిచే మనిషి ముఖం మసకబారినట్టు, గమకం సరిగ్గా నడిమధ్యన నీరసించిపోయేది. స్వరస్థానం ఉండేది, నాదం ఉండేది కాదు. పైగా గదిలో ట్యూబ్‌లైటు వేస్తే చాలు, ఒంటి చుట్ట పికప్‌లు కరెంటు హోరంతా లాక్కుని బుర్రుమనేవి. మన సరఫరా 50 హెర్ట్జ్‌ది కాబట్టి ఆ హోరు శ్రుతికి అడ్డంగా ఒక చెడ్డ తంబూరాలా నిలిచేది.

స్నేహితులు సలహా ఇచ్చారు: "హాట్ పికప్ వేయించరా, గోడలు అదిరిపోతాయి." రాక్ వాయించేవాళ్ళకు అది మంచి సలహానే. హాట్ పికప్ అంటే చుట్లు ఎక్కువున్నది. చుట్లు పెరిగితే శబ్దం పెరుగుతుంది, కానీ పైస్థాయి మెరుపు తగ్గుతుంది. గమకానికి కావలసింది గోడలు అదరడం కాదు. మీటిన నాదం చివరిదాకా ఒకే నిండుతనంతో సాగాలి. అయస్కాంతం మరీ బలమైనదైతే తీగను తనవైపు గుంజి శ్రుతిని కూడా చెడగొడుతుంది.

ఫోన్‌లో వాళ్ళమ్మ, "మన పాలకొల్లు శ్రీనివాస్ ఎలా చేశాడో చూడు నాన్నా" అంది. 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌కు ఎదురైనదీ ఇలాంటి చిక్కే. మామూలు మాండలిన్‌లో మీటిన శబ్దం వెంటనే చచ్చిపోతుంది. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ చేపట్టాడు, జంట తీగలను ఒంటి తీగలు చేశాడు, ఐదో తీగ కలిపాడు. రాగం కోసం వాద్యాన్నే మార్చుకున్నాడు. నాలాంటి వాద్యాలన్నిటికీ అంతకన్నా గౌరవం ఏముంటుంది!

వెతుకులాట మొదలైంది. ఊళ్ళో సంగీత పరికరాల దుకాణాల్లో తీగలు, మీటే పలుకులు దొరికాయి, కావలసిన పికప్ దొరకలేదు. ఆరోవిల్ వైపు ఉండే ఒక సంగీతకారుడి పాత పెట్టెలో దొరికింది. విడి మేకుల బదులు రెండు పొడుగాటి ఉక్కు పట్టీలున్న రెయిల్ రకం. తీగ ఎంత పక్కకు జరిగినా దాని కింద పట్టీ ఉంటుంది. లోపల రెండు చుట్టలు, ఎదురెదురు దిశల్లో. వాటి అయస్కాంత ధ్రువాలూ ఎదురెదురే. బయటి హోరు ఒకదానిలోది రెండోదానిలోదాన్ని కొట్టేస్తుంది, తీగ నాదం మాత్రం రెండింటిలోదీ కలుస్తుంది. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో రూపొందించిన హంబకర్ సూత్రం ఇదే.

నెహ్రూ వీధి వెనక సందులో ఆంప్‌లు బాగుచేసే అన్న నా పదకొండు స్క్రూలు విప్పాడు. ఉప్పుగాలికి వాటిలో సగం తుప్పెక్కి ఉన్నాయి. ముందు మల్టీమీటర్ పెట్టి చుట్ట తెగలేదని చూసుకున్నాడు. ఆ పికప్‌కు నాలుగు రంగుల వైర్లు. ఒక చుట్ట వైర్లు తారుమారైతే పాట సన్నబడిపోతుంది, హోరు మాత్రం మిగులుతుంది. "తంబీ, ఆంప్ ఆన్ చెయ్" అని, స్క్రూడ్రైవర్‌తో పట్టీలను ఒక్కొక్కటిగా తాకించి చూశాకే సాల్డరింగ్ పెట్టాడు. మెడ పక్కనున్న పాత పికప్ తీసేసి అక్కడే కొత్తది కూర్చోబెట్టాడు, అక్కడ నాదం మెత్తగా ఉంటుంది కనుక. తీగకూ పట్టీకీ మధ్య మూడు మిల్లీమీటర్లు వదిలాడు. రెండు చుట్టల పికప్‌కు 500 కిలోఓముల వాల్యూమ్ పాట్ వేయడం వాడుక. ఆ అబ్బాయి నా పాత 250నే ఉండనిమ్మన్నాడు. దాంతో పైస్థాయి పదును కాస్త తగ్గి, వీణ వైపు ఒరిగే గొంతు వచ్చింది. ఆ నిర్ణయం నాకు ఎంతో నచ్చింది.

ఆ రాత్రి ట్యూబ్‌లైటు వెలుగుతుండగానే తోడి గాంధారం పట్టాడు. తీగ రిషభం నుంచి పైకి సాగింది, మధ్యమం అంచు తాకి దిగింది. మధ్యలో ఎక్కడా సన్నగిల్లలేదు. అతను ఆ ఒక్క స్వరాన్నే చాలాసేపు ఊపుతూ కూర్చున్నాడు.

బ్రిడ్జ్ పక్కనున్న పాత పికప్‌ను మాత్రం మార్చలేదు. జూన్ 21న ఈ ఊళ్ళో జరిగే ఫెత్ ద లా మ్యూజిక్ సంగీతోత్సవంలో స్నేహితులతో కలిసి సినిమా పాటలు వాయించాలనుకుంటున్నాడు. వాటికి దాని పదును కావాలట.