ఆదివారం ట్రెక్కు ప్రకటనకు టీకా తాత్పర్యం

మూలం: "హాయ్ నేచర్ లవర్స్! ఈ సండే కంబాలకొండ ట్రెక్. 5 ఏఎం షార్ప్, ఆర్టీసీ కాంప్లెక్స్ అవుట్‌గేట్. డిఫికల్టీ లెవెల్: మోడరేట్. షూస్ మస్ట్. ప్రకృతితో మమేకమవుదాం. టిఫిన్ ఇన్‌క్లూడెడ్."

అవతారిక: విశాఖ ద్వారకా నగర్ వాట్సాప్ గ్రూపొకదానిలో శుక్రవారం రాత్రి వెలువడే మహావాక్యమిది. కర్త అడ్మిన్ అని ప్రతీతి. పదాలు సులభం కనుక ప్రతిపదార్థం విడువబడింది. సందేహమున్నవారు పక్కనే ఉన్న ఏ కోచింగ్ సెంటర్లోనైనా చేరవచ్చు. ఆధారం లేనిదీ అక్కర్లేనిదీ రాయనని మల్లినాథ సూరి ప్రతిజ్ఞ పట్టాడు. ఈ వ్యాఖ్యాత అందులో మొదటి సగానికే కట్టుబడతాడు.

5 ఏఎం షార్ప్: 'షార్ప్' పాదపూరణార్థకం. ఆరున్నరకు కార్లు మధురవాడ వైపు కదులుతాయని సంప్రదాయజ్ఞులు.

అవుట్‌గేట్: నడకకు బయలుదేరేవారు ఇక్కడికి కార్లలో రావడమెందుకని పూర్వపక్షం. కొందరి ఇళ్లు మూడో లేన్‌లోనే కదా, కూతవేటు దూరమే కదా అని ఆక్షేపం. సమాధానం: ద్వారకా నగర్‌లో ఫుట్‌పాత్ ఉంది. దాని మీద మోటారు సైకిళ్లున్నాయి, వాటి పక్కన ఇడ్లీ బండి, దాని పక్కన సీటు గ్యారంటీ అనే ఫ్లెక్సీ. మిగిలిన జాగాలో మనిషి లేడు. అతడు రోడ్డు మీద, సిటీ బస్సుకు ముందున్నాడు. పౌర గ్రంథాలయం నుంచి డైమండ్ పార్కు దాకా ఒక పెద్దాయన పుస్తకాల సంచితో సాయంత్రం ఆరింటికి నడవవలసిన దారికి ఏ అడ్మినూ డిఫికల్టీ లెవెల్ ప్రకటించలేదు. అది మోడరేట్ కాదు.

ట్రెక్: తెలుగులో ఈ విద్యకు ఆదిపురుషుడు అరుణాస్పదపుర వాస్తవ్యుడు ప్రవరాఖ్యుడు. అల్లసాని పెద్దన 'మనుచరిత్ర'ను శృంగారానికీ వర్ణనలకూ చదివినవారే గానీ కొండనడక శాస్త్రంగా చదివినవారు కనబడరు. బ్రౌను దొర కోసం దానికి వ్యాఖ్య రాసిన జూలూరి అప్పయ్య పండితుడి కాలానికి ఈ అవసరం రాలేదు. ఇప్పుడు వచ్చింది కనుక చూద్దాం. ప్రవరుడు హిమాలయానికి ఒంటరిగా వెళ్లాడు. ఇంట్లో చెప్పి బయలుదేరిన జాడ లేదు. తిరుగుదారికి గుర్తులు పెట్టుకోలేదు. భారమంతా ఒకే సాధనం మీద, కోరినచోటికి చేర్చేదని సిద్ధుడిచ్చిన పాదలేపం మీద వేశాడు. మిట్టమధ్యాహ్నానికి మంచు కరిగి ఆ లేపం కాస్తా కడుక్కుపోయింది. ఫోనులో మ్యాపును నమ్ముకుని లోయలోకి దిగాక సిగ్నల్ పోయినవాడి గతి సరిగ్గా ఇదే. మధ్యాహ్నమన్నది కూడా గమనించాలి: హిమాలయంలోనే అంతటి చేటు చేసిన వేళ, సముద్రపు ఉక్కపోత ఉన్న విశాఖలో ఊరుకుంటుందా? చలికాలం తప్ప మిగతా రోజుల్లో తొమ్మిది లోపు దిగిపోవాలి. ఇక ప్రవరుడు చేసిన తెలివైన పని ఒకటే, బిడియం లేకుండా అక్కడివాళ్లను దారి అడగడం. ఎదురైనామె అతణ్ణి వలచిన అప్సరస వరూధిని కావడం అతని ప్రారబ్ధం. చివరికి అగ్నిదేవుణ్ణి ప్రార్థించి ఇల్లు చేరాడు. అటవీ శాఖ దగ్గర ఆ సదుపాయం లేదు.

ఈ కావ్యాన్ని అంకితం పుచ్చుకున్న కృష్ణదేవరాయలు 1516లో ఒకసారి, 1519లో మరోసారి సింహాచలం కొండకు వచ్చాడు. శాసనాలున్నాయి. వాటిలో అప్పన్నకు సమర్పించిన నగల వివరముంది గానీ రాయలు ఎన్ని అడుగులు వేశాడో, ఎన్ని కేలరీలు ఖర్చయ్యాయో లేదు. ఆనాడు చేతి గడియారం లేకపోవడమే కారణమని కొందరు. ఇంతకీ మూలంలో ఎక్కడున్నాం? మోడరేట్ దగ్గర.

మోడరేట్: ఈ కొండలు ఎక్కువగా ఖొండలైటు. కోదుల పేరు మీద వాకర్ అనే భూవిజ్ఞాని 1902లో ఆ రాతికి పెట్టిన పేరది. చివికిన రాయి ఎర్రటి గరపగా రాలుతుంది. ఎక్కేటప్పుడు ఏమీ అనదు. దిగేటప్పుడు మడమ కింద ఆవగింజల్లా దొర్లుతుంది. పాదం కాస్త అడ్డంగా వేసి, మోకాలు వంచి, తొందరపడకుండా దిగితే చాలు. పొదలు రాసుకుంటూ పోతే ఉత్తరేణి గింజలు ప్యాంటు అంచుకు వరసగా పట్టుకుంటాయి. వాటిని పీకడానికి అరగంట వేరే పెట్టుకోవాలి.

షూస్ మస్ట్: ఆషాఢ పౌర్ణమికి ముందురోజు సింహాచలం తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, హనుమంతవాక, అప్పూఘర్, మాధవధార, గోపాలపట్నం మీదుగా కొండను చుట్టి 32 కిలోమీటర్లు నడిచే లక్షలమందికి ఈ సూత్రం వర్తించదు. వారిలో చాలామంది కాళ్లకు చెప్పులే ఉండవు. అడ్మిన్ మామ్మగారు కూడా అందులో ఉండి ఉంటారు. తెల్లారి ఆవిడ మోకాళ్లకు నూనె రాసుకున్నారే తప్ప స్టేటస్ పెట్టలేదు.

ప్రకృతితో మమేకం: ఇక్కడ శాస్త్రభాష పక్కన పెట్టక తప్పదు. కంబాలకొండ సుమారు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. చిరుతలుంటాయి, నెమళ్లుంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఇక్కడి చెట్లను పడగొట్టింది. అడవి మళ్లీ తనంతట తాను కమ్ముకుంటూ వస్తోంది. అందులోకి బ్లూటూత్ స్పీకరు పట్టుకుపోయి ఐటం సాంగ్ పెట్టడం ఏ మమేకం బాబూ? పక్షి కనబడలేదని ఫిర్యాదు కూడానా? టిక్కెట్టు కొన్నది లోపలికి రావడానికి. నీళ్ల సీసా అక్కడ పారేయడానికి కాదు.

టిఫిన్ ఇన్‌క్లూడెడ్: ఇడ్లీ, వడ, అల్లం పచ్చడి అని అర్థం, కాగితం ప్లేట్లు అధ్యాహార్యం. పాఠాంతరం ఒకటుంది. "ఎవరి ప్లేటు వారు వెనక్కి తెచ్చుకోవాలి" అనే వాక్యం తొలి ప్రతిలో ఉండేదనీ, నెగటివ్‌గా ఉందని ఒక సభ్యుడు బొటనవేలు కిందికి చూపితే అడ్మిన్ డిలీట్ చేశాడనీ వినికిడి. అదే అసలు పాఠమనీ, మిగిలిందంతా ప్రక్షిప్తమనీ వ్యాఖ్యాత నిర్ణయం.