దొంగగారి దస్తఖతు

"ఐదేండ్లుగా దొంగ రాలేదు గదా, ఇక నీకు తుపాకి యెందుకు?" అని బాన్సువాడ బియ్యపుమిల్లు యజమాని నొకనిని ఒకానొక దఫ్తరులో అడిగిరని వినినది మొదలు, ఇంతటి సూక్ష్మతర్కము గౌతమ మహర్షి న్యాయసూత్రములకు ఏల చిక్కకపోయెనా యని విస్మయపడుచున్నాను. అది యే దఫ్తరో చెప్పను; చెప్పినచో తక్కిన దఫ్తరులు చిన్నబుచ్చుకొనును. ఈ తర్కమునే పట్టుకొని పోయినచో, 1931లో కట్టి ముగించిన నిజాంసాగరము నేటివరకు తెగి ఊళ్ళను ముంపలేదు గనుక దాని గేట్లకడ కాపలా యున్నవారిని రేపే ఇండ్లకు పంపివేయవచ్చును.

ఆ తుపాకి యేమంత ఘనమైనది కాదు. యజమాని తండ్రి కొనిన ఒంటిగొట్టపు పన్నెండు బోరుది. మంజీరా ఆయకట్టున వరికోతలు సాగి, హమాలీల కూలియు లారీల కిరాయియు రైతుల బాకీయు నగదుగా చెల్లింపవలసివచ్చు నాలుగు వారములు మాత్రము, లైసెన్సు పుస్తకములో పేరెక్కించుకొనిన వాచ్‌మన్ భుజము నలంకరించి, తక్కిన కాలమంతయు బీరువాలో యోగనిద్ర ననుభవించుచు, ఇంతవరకు ఒక పిట్టనైనను నొప్పింపని సాధుజీవి యది. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా వెలసినపుడు దాని ఫైలు నిజామాబాదు విడిచి క్రొత్త కాపురమునకు తరలినది. ఆ లెక్కన తుపాకి కంటె దాని కాగితములే ఎక్కువ దేశాటనము చేసినవి.

1959 నాటి ఆయుధముల చట్టములోని 15వ సెక్షను, లైసెన్సు మొదట మంజూరు చేయునపుడు వర్తించు నియమములే రెన్యూవలుకును వర్తించునని చెప్పుచున్నది. అనగా ముప్పదియేండ్లు కాపురము చేసిన యిల్లాలికి గడువు తీరినపుడెల్ల మరల పెండ్లిచూపులు జరుపవలెనన్నమాట. 2019 సవరణకు పూర్వము ఆ వేడుక మూడేండ్ల కొకపరి. ఇప్పుడు దయతో ఐదేండ్లకు పొడిగించిరి. వ్యాపారస్వభావము చేతనే ప్రాణమునకో ఆస్తికో రక్షణ కావలసినవాని దరఖాస్తును పరిశీలింపవచ్చునని 2016 నియమావళి సెలవిచ్చుచున్నది గాని, ఆ వాక్యమును చదువువారు కావలెను గదా! మన యజమాని దేహారోగ్యపు పత్రము తెచ్చెను, మనోరోగము లేదను పత్రము తెచ్చెను, తుపాకి పట్టుట వచ్చునను శిక్షణ పత్రమును తెచ్చెను. అన్నియు తెచ్చిన పిమ్మట అతని నడిగినది ఒక్కటే: ముప్పు ఏది? చూపుము.

ఇచ్చటనే ఆ తర్కము యొక్క సౌందర్యమంతయు ఇమిడియున్నది. దొంగ రాలేదందువా, ముప్పు లేదు, కాన తుపాకి యక్కరలేదు. వచ్చి దోచుకొనిపోయె నందువా, తుపాకి యుండియు నీకు ఒరిగినదేమియు లేదు, కాన అక్కరలేదు. వచ్చి, తుపాకిని చూచి మరలిపోయె నందువా, నేరము జరుగలేదు, ఎఫ్ఐఆర్ లేదు, సాక్ష్యము లేదు, కాన వాడు రానేలేదు. రానివాడు ముప్పు కాడు. ఈ త్రికోణపు బోనులో చిక్కిన యజమానికి, మరలిపోయిన దొంగ స్వయముగా దస్తఖతు చేసి యిచ్చిన ధ్రువపత్రము తప్ప వేరు శరణ్యము లేకపోయెను. అందుచేత, పూర్వము రాజులు యజ్ఞాశ్వమునకై వెదకినట్లు, ఆతడు ఒక దొంగకై వెదకుట కారంభించెను.

మొదట ట్రాన్స్‌ఫార్మర్లలోని రాగితీగను కోసికొనిపోవు చిల్లర చోరుల నాశ్రయించెను. వారు వినయముగా చేతులు జోడించి, తమ వ్యవహారమంతయు కరెంటు డిపార్టుమెంటుతోనే గాని ప్రైవేటు మిల్లులతో తమకు సంబంధము లేదనియు, తమవంటి అల్పుల పత్రము పై దఫ్తరులో చెల్లదనియు విన్నవించుకొనిరి. ఘనులు లేకపోలేదు. 2022 జూలైలో మన పొరుగు జిల్లా బుస్సాపూరు గ్రామీణ బ్యాంకులోనికి గ్యాస్ కట్టరుతో ప్రవేశించి కిలోలకొలది బంగారము నెత్తుకుపోయిన మహానుభావు లుండిరి. కాని ఆ అంతస్తువారు హమాలీ కూలి దాచిన మిల్లు గల్లాపెట్టె విషయమున సంతకము చేయుట తమ పరువునకు భంగమని తలంతురు. భయపడువారిలో వలెనే భయపెట్టువారిలోను హోదాలున్నవని అతనికి అప్పుడు తెలిసినది.

తుదకు జిల్లా సరిహద్దున కావల, కోటగిరి మండలములో, వడ్లబస్తాలు మాయము చేయుటలో నలుబదియేండ్ల క్రిందట పేరుగాంచి, ఇప్పుడు కీళ్ళనొప్పులచే వృత్తి విరమించిన వృద్ధుడొకడు దొరకెను. ఆతని పేర బాన్సువాడ ఠాణాలో సస్పెక్ట్ షీటున్నది. పాఠకులు గమనింపవలసిన విశేష మొకటి: ఆ షీటుకు దరఖాస్తు లేదు, ఫీజు లేదు, శిక్షణ పత్రము లేదు, గడువు పొడిగింపు దిగులు దొంగది కానే కాదు. దొంగ, తాను దొంగనని ఒక్కపరి ఋజువు చేసికొనిన చాలును, ఆ పిమ్మట ప్రభుత్వము తనంత తానే నమ్ముచుండును. దొర తాను దొరనని మాత్రము ఐదేండ్ల కొకమారు ఋజువు చేసికొనుచు నుండవలెను.

వృద్ధుడు యజమానిని ఆదరముతో నులకమంచముపై కూర్చుండబెట్టి, "సావుకారీ, అబద్ధమెందుకు? మీ మిల్లు గోడ దిక్కు మస్తుసార్లు సూసిన. తుపాకి ఉన్నదని తెలిసి ఎనుకకు మర్లిన. గదే రాసిస్త తియ్యి" అనెను. అంతట ఆగక, గోడకు వ్రేలాడు పాత క్యాలెండరును చూపెను. దానిపై 2023 నవంబరు అసెంబ్లీ, 2024 మే పార్లమెంటు, 2025 ఫిబ్రవరి పట్టభద్రుల ఎమ్మెల్సీ, 2025 డిసెంబరు పంచాయతీ అని ఎఱ్ఱసిరాతో వరుసగా గుర్తులు పెట్టబడియున్నవి. ఎన్నికల కోడు వచ్చినదనిన లైసెన్సు తుపాకులు ఠాణాలో జమ యగును గదా. తమ వృత్తిలో మంచి ముహూర్తములవి, పంచాంగముతో పనిలేదు అని ఆతడు వివరించినపుడు, తన తుపాకి రాకపోకలను ఇంత శ్రద్ధగా గమనించినవాడు మరియొకడు లేడని యజమాని కన్నులు చెమర్చినవట.

పత్రము సిద్ధమైనది. "ఫలానా వాడనైన నేను, స్వస్థచిత్తుడనై, ఎవరి బలవంతమును లేక వ్రాసి యిచ్చునది యేమనగా, సదరు మిల్లును దోచుకొనవలెనని పలుమారులు సంకల్పించి, సదరు తుపాకి కారణముగా సంకల్పభంగము నొందితిని" అని వ్రేలిముద్రతో సహా సమర్పింపబడినది. దఫ్తరు దానిని మూడు వారములు పరిశీలించెను. దొంగ కోటగిరివాడు, కోటగిరి నిజామాబాదు జిల్లా. కావున పరాయి జిల్లా దొంగ ఈ జిల్లాలో ముప్పుగా వ్యవహరించుటకు ఆ జిల్లానుండి ఎన్‌ఓసీ కావలెను. పైగా నలుబదియేండ్లుగా ఒక్క కేసును లేనివాడు సత్ప్రవర్తకుడు. సత్ప్రవర్తకుని వలన ముప్పెట్లు కలుగును? అతడు నేడైనను నేరము చేసి, ఎఫ్ఐఆర్ నకలు జతపరచినచో పరిశీలింతుమని మౌఖికముగా చెప్పిరి. ఆ మాట వినిన వృద్ధుడు, ఆ వయసున గోడ దూకలేనని కంటనీరు పెట్టుకొనెను.

నేను తుపాకుల భక్తుడను కాను. దేశమున తుపాకులు తగ్గవలెనను వారందరును నాకు ఆప్తులే. తగ్గింపదలచినచో కారణము కాగితముపై వ్రాసి తగ్గింపుడు. ఆ పని చేయుమనియే ఆ 1959 చట్టపు 14వ సెక్షను చెప్పుచున్నది, చాలినంత ఆస్తి లేదను నెపము ఒక్కదానితో ఎవ్వని దరఖాస్తును త్రోసిపుచ్చరాదనియు అదే సెక్షను చెప్పుచున్నది. కాని టూ ప్లస్ టూ గన్‌మన్లను వెంటబెట్టుకొని పెండ్లి విందులకు విచ్చేయు నాయకుని, "అయ్యా, ఈ ఐదేండ్లలో తమపై ఎవడైన రాయి విసరెనా?" అని ఏ గుమాస్తా అడిగెను? ఏ దొంగ దస్తఖతు తెమ్మనెను? ఆయన భయమునకు ఆయన పదవియే సాక్ష్యము. ఆ గన్‌మన్ల జీతము మాత్రము భయపడుటకు హక్కులేని ఈ మిల్లువాడు కట్టిన పన్నులలోనిది. 1878లో లిట్టన్ ప్రభువు చేసిన ఆయుధ చట్టము ఐరోపీయులను లైసెన్సు బాధనుండి తప్పించి, నల్లవాని చేతి కత్తికి మాత్రము కాగితమడిగెను. ఆ అవమానము మరువకనే 1931 కరాచీ కాంగ్రెసు, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించుటను పౌరుని హక్కులలో చేర్చెను. తెల్లవాడు పోయెను, వాని మినహాయింపు కుర్చీ మాత్రము ఖాళీ కాలేదు.

2025 జనవరి 16న, మనకు పొరుగుననే, బీదరులో, పట్టపగలు, ఏటీఎంలో నింపుటకు తెచ్చిన సొమ్ముకై తుపాకులు ప్రేల్చి మనిషిని చంపిరి. చచ్చినది కూలికి కాపలా కాయువాడు. ఎల్లప్పుడు చచ్చునది వాడే. ఈ మిల్లు గేటుకడ రాత్రి రెండుగంటలకు ఒంటరిగా కూర్చుండు వాచ్‌మన్‌ను ముప్పు చూపుమని అడుగుటకు, పగలు ఫ్యాను క్రింద కూర్చున్న మీకు నోరెట్లు వచ్చినది? ఇయ్యననుము, వాడు వేరు దారి చూచుకొనును. ఇత్తుననియు అనక ఇయ్యననియు అనక, ఐదు నెలలు త్రిప్పి, వాని భయమును నవ్వులాట చేయుటకు మీకెవ్వ రధికార మిచ్చిరి?

గడువు తీరినది గనుక ఇప్పుడు తుపాకి ఠాణాలో జమయైనది. చీటి కట్టి మూలకు చేర్చిరి. వాచ్‌మన్‌కు టార్చిలైటొకటియు వెదురుకఱ్ఱ యొకటియు కొనియిచ్చిరి. కోటగిరి వృద్ధుడు సస్పెక్ట్ షీటు హాజరు వేయించుకొనుటకు ఆదివారమున బస్సు దిగి ఠాణాకు వచ్చునపుడెల్ల, రిజిస్టరుపై వ్రేలిముద్ర వేసి, వ్రేలు గోడకు తుడుచుకొనుచు, ఆ మూల వంక చూచి, "పాపం, సావుకారిది ఇంక గీడనే ఉన్నదా సారూ?" అని అడుగుచున్నాడట.