పిస్టన్ మాస్టారు

కంసాలి త్రాసు మీద ఒకదాని తర్వాత ఒకటిగా మూడు పిస్టన్లు తూగాయి. పక్కన గొలుసు బేరమాడుతున్న పెళ్లివారు బేరం ఆపేసి చూస్తున్నారు. మాస్టారు ఎవరినీ పట్టించుకోలేదు. గ్రాముల పక్కన చుక్క, చుక్క తర్వాత రెండంకెలు నోటుబుక్కులో ఎక్కించుకుని నావైపు తిరిగారు.

"చూశావట్రా, కంపెనీదాని కంటే ఇది బరువు. బరువెక్కితే మిషను అదురుతుంది. అదిరితే చేతులు తిమ్మిరెక్కుతాయి."

కంసాలి మాత్రం, "తరుగెంత తీశాడు మాస్టారూ?" అన్నాడు.

ఆయన మాకు లెక్కలు చెప్పిన మాస్టారు. రిటైరయ్యాక ఆ లెక్కలన్నీ చెట్లు కోసే మిషను మీదికి మళ్లాయి. అది ఎమ్మెస్ 250. ఊళ్లో అందరూ స్టిల్ మిషను అంటారు. ఈయనొక్కరే జర్మన్ పద్ధతిలో 'ష్టీల్' అని, ఎదుటివాడు మొహం తుడుచుకునేదాకా ఆగి మాట కొనసాగిస్తారు. బోరు 42.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు 32, కెపాసిటీ 45.4 సీసీ. "పై ఆర్ స్క్వేర్ ఇంటూ హెచ్, బై వెయ్యి" అని వీధరుగు మీద నాచేత లెక్క కట్టించారు. సరిగ్గా వచ్చింది. నలభై రెండేళ్ల వయసులో ఆయనచేత మొదటిసారి శభాష్ అనిపించుకున్నాను.

కథ మిచౌంగ్ తుపానుతో మొదలైంది. 2023 డిసెంబరు 5న అది బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ గాలికి మాస్టారి దొడ్లో వేపచెట్టు సగం వేళ్లు పైకి లేచి, ప్రహరీగోడ మీద తలవాల్చింది. అటక మీంచి మిషను దిగింది. ఇరవై నిమిషాలు కోసిందో లేదో, కీచుమని ఆగిపోయింది. తాడు లాగితే రాదు. పిస్టను పట్టేసింది.

మెకానిక్ కుర్రాడు కూడా మాస్టారి శిష్యుడే, లెక్కల్లో 35 మార్కులతో గట్టెక్కిన బాపతు. వచ్చి విప్పాడు. ఆ మోడల్లో పిస్టను చూడాలంటే ఇంజను మొత్తం బయటికి రావాల్సిందే. "గీతలన్నీ సైలెన్సరు వైపే ఉన్నాయి మాస్టారూ. దుమ్ము వెళ్తే కార్బురేటరు వైపు పడేవి. ఇది వేడికి పట్టేసింది. ఎక్కడో దొంగగాలి లాగుతోంది. గాలెక్కువై పెట్రోలూ, దాంతోపాటు ఆయిలూ చాలట్లేదు. ముందు ఆ కార్బురేటరు రబ్బరు గొట్టం మార్చండి" అన్నాడు.

రబ్బరు గొట్టం! మాస్టారికి నామోషీ అనిపించింది. గొట్టానికి బోరా, స్ట్రోకా? నలుగురిలో చెప్పుకోవడానికి అందులో ఏముంది? "లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల ఆయిలు సిరంజితో తీసి పోస్తాన్రా నేను. నా మిషను పట్టేసిందంటే పిస్టన్లోనే ఏదో ఉంది" అని కుర్రాణ్ణి కాఫీ ఇచ్చి పంపించేశారు.

ఆపైన మొదలైంది అన్వేషణ. స్కూటరుకైతే బోరింగ్ చేయించి ఓవర్‌సైజు పిస్టను వేయిస్తే పోయేది. ఈ బ్లాకుకి లోపల గట్టి పూత ఉంటుంది, బోరింగ్ కుదరదు. బ్లాకు బాగుచేసుకోవాలి, దానికి తగిన పిస్టను వెతుక్కోవాలి. బాత్రూములో యాసిడ్ సీసా మాయమైంది ఆ వారంలోనే. బ్లాకు గోడకి అతుక్కున్న అల్యూమినియాన్ని ఆ యాసిడ్ కరిగిస్తుంది, పూత జోలికి పోదు. పూత లేచిన చోట తగిలితే మాత్రం బ్లాకునే తినేస్తుంది. దొడ్లో ముక్కుకి తువాలు కట్టుకుని, ఇయర్‌బడ్‌తో చుక్కచుక్కా అద్దుతూ ఒక పూటంతా కూర్చున్నారు. న్యాయంగా చెప్పాలంటే ఆ పని చాలా బాగా చేశారు. అమ్మగారు మాత్రం అప్పట్నుంచి యాసిడ్ సీసా బియ్యం డబ్బా వెనక దాస్తున్నారు.

పిస్టన్లలో కంపెనీది ఖరీదు. చైనాది చవక, పైగా బ్లాకు కూడా కలిపి సెట్టుగా వస్తుంది. తైవానుది మధ్యరకం. వీటన్నిటి మీదా ఒక ఇటలీ పిస్టను ఉంది, మీటియోర్ అని. రంపం మిషన్ల వాళ్లు దాని పేరెత్తితే గొంతు తగ్గించి మాట్లాడతారు. మాస్టారు మిలానోలో ఎమ్మెస్ చదువుతున్న మేనల్లుడిచేత ఎమ్మెస్ 250 పిస్టను తెప్పించారు. సంక్రాంతికి కొడుకు చాక్లెట్లు తెస్తాడనుకున్న చెల్లెలు అన్నగారితో రెండ్రోజులు మాట్లాడలేదు.

వాటిలో మూడు రకాలు చేతికొచ్చాక పరీక్షలు పెట్టారు. తూకం సంగతి మీకు తెలుసు. పిన్ను కన్నం నుంచి తలదాకా ఎత్తు కొలిచారు. తక్కువైతే కంప్రెషన్ పడిపోతుంది, ఎక్కువైతే పిస్టను పైన తల కొట్టుకుంటుంది. రింగుల్ని ఖాళీ బ్లాకులో పెట్టి కొసల మధ్య సందు చూశారు. చవక సెట్లో పిస్టను పర్వాలేదుగానీ సర్కిలిప్పులు మెత్తగా ఉన్నాయని తేల్చారు. అది అసలు పట్టించుకోవలసిన సంగతే. ఆ వెంట్రుకంత తీగ ఊడిందంటే బ్లాకుని నిలువునా చీరేస్తుంది. చైనా పిస్టనుకి ఇటలీ కేబర్ రింగులు తొడిగితే ఎలా ఉంటుందని ఒకరోజు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి నన్నడిగారు. నేను ఆయుర్వేద మందుల షాపు నడుపుతాను.

ఆ రోజుల్లో మాస్టారి మొహం వెలిగిపోతూ ఉండేది. ఈ అన్వేషకుల జాతికి సుఖమంతా ఎంచుకోవడంలోనే ఉంది. ఏదో ఒకటి ఖాయమైపోతే, మర్నాడు పొద్దున్నే పేపరు కూడా సరిగ్గా చదవలేరు.

శివరాత్రికి ఇటలీ పిస్టను ఖాయమైంది. మెకానిక్‌ని గుమ్మంలోకి కూడా రానివ్వలేదు. తల మీది బాణం గుర్తు సైలెన్సరు వైపు తిప్పి, ఊరంతా జాగారం చేస్తుంటే తామూ మేలుకుని స్వయంగా బిగించారు. పాత గొట్టాన్ని సబ్బుతో కడిగి, తుడిచి, మళ్లీ దాని చోటే దానికిచ్చారు.

మర్నాడు మిషను గర్జించింది. వీధంతా వినబడింది. పన్నెండు నిమిషాల తర్వాత వినబడటం మానేసింది.

కుర్రాడొచ్చాడు. ఏమీ అనలేదు. గొట్టం ఊడదీసి రెండు వేళ్ల మధ్య వంచాడు. మడత దగ్గర పగులు చేప నోరులా తెరుచుకుంది. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, చాలాసేపు చూశారు.

ఏప్రిల్ 9న ఉగాది. నేలలో మిగిలిన సగం వేళ్లతోనే వేపచెట్టు చిగిర్చి, పడుకున్నచోటే విరగబూసింది. అమ్మగారు ఈసారి నిచ్చెన లేకుండా నుంచునే పువ్వు దూసుకున్నారు. "హాయిగా ఉంది, దాన్నలా వదిలెయ్యండి" అని నాకూ ఒక గ్లాసు పచ్చడి ఇచ్చారు.

మాస్టారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ముందు పేపరు పరిచి, దాని మీద నల్లటి రబ్బరు గొట్టాలు నాలుగు పెట్టుకున్నారు. చేతిలో వెర్నియర్ కాలిపర్స్.

"ఏరా, మందంలో తేడా చూశావా?" అన్నారు. "కంసాలి కొట్టు ఇవాళ తీస్తాడంటావా?"